తోసిపుచ్చలేం

రేపట్నుంచి ఈ గది తాళం నాది కాదు.
డీప్ ఫ్రీజర్ తలుపు తెరిచి
మైనస్ ఎనభైలో దాచిన ముప్పై ఒక్క ఏళ్ళని
ఒక్కో డబ్బాగా బయటికి తీస్తున్నాను.
వేళ్ళకి మంచు. లేబుళ్ళ మీద
ఇంకా గుండ్రంగా ఉన్న నా పాత చేతిరాత.

గోడమీద నా జాతకం ఉంది.
నక్షత్రం చూసి వేసింది కాదు, ఉమ్మి చూసి వేసింది.
పదిహేను చోట్ల పదిహేను జతల అంకెలు.
పక్కన దండపాణిది, కింద గది ఊడ్చే పద్మలబది.
ఎవరి తుమ్ము ఎముక మీద పడినా
ఇది హంతకుడిది కాదు, మేడమ్‌ది
అని పట్టుకోవడానికి.

బరంపురంలో నేనేం చేస్తానో
మా వీధికి సరిగ్గా తెలీదు.
అప్పడాలు ఎండబెట్టే పక్కింటావిడ
తన రక్తంలో చక్కెర చూసిపెట్టమంటుంది.
కోర్టులో మాత్రం 'నిపుణురాలు' అంటారు.
అన్న తర్వాత రెండు గంటలపాటు
అది అబద్ధమని రుజువు చేయడానికి చూస్తారు.

ఈ సీసా మీద కాశీనగర్ అని ఉంది.
వంశధారలో పడవ బోల్తాపడిన పదకొండు నెలలకి
ఇసుక ట్రాక్టరుకి తగిలిన తొడ ఎముక.
ఒకటే ఎముక. ఇద్దరు తల్లులు.
పాతపట్నం వైపు నుంచి లుకలాపు అసిరమ్మ,
పర్లాకిమిడి నుంచి కుంతల బెహరా.
దాలినాయుడు, నీలాచల్.
ఒకే పడవ, ఒకే ఈడు, ఇంచుమించు ఒకే పొడుగు.

బుగ్గలో దూదిపుల్ల తిప్పాలి, నోరు పుక్కిలించమన్నాను.
అసిరమ్మ అడ్డపొగ పీలుస్తున్న చుట్టని
నాలుక మీంచి తీసి, ఆర్పకుండా
నా కిటికీ అంచున పెట్టింది.
"బేగి తియ్యమ్మా, నిప్పారిపోతాది."
కుంతల ఏమీ అనలేదు.
పుల్ల బయటికి తీశాక కూడా
నోరు అలాగే తెరిచి ఉంచింది.

దండపాణి ఎముక పైపొర గీకి
ద్రవ నైట్రోజన్‌లో ముంచి పిండికొట్టాడు.
ఏరు చాలావరకు తినేసింది.
పదిహేను చోట్ల పిలిస్తే నాలుగు చోట్లే పలికింది,
ఆ నాలుగూ ఇద్దరికీ సరిపోయాయి.
అప్పుడు అమ్మ వైపు వెళ్ళాను.

ఇంటిపేరు నాన్నది, రేషన్ కార్డుకెక్కుతుంది.
అమ్మ ఇచ్చే ఇంటిపేరు ఇంకొకటుంది,
కణం లోపల వెచ్చగా వెలిగే బుల్లి పొయ్యిల్లో.
కూతురికి అందితే సాగుతుంది.
కొడుకుతో ఆరిపోతుంది.
అక్షరం అక్షరం చదివి
మూడు కాగితాలు పక్కపక్కన పెట్టాను.
ఎముకా అసిరమ్మా ఒకటే.
ఎముకా కుంతలా ఒకటే.

మళ్ళీ చేశాను, వేరే తొడుగులు, వేరే రోజు.
గోడమీది జాతకాలతో పోల్చాను. మేమెవరం కాదు.
ఎప్పుడో, ఏ కరువులోనో, ఒక ముసల్ది
ఇద్దరు కూతుళ్ళని రెండు గట్లకి ఇచ్చి ఉంటుంది.
ఒకతె సంతానం తెలుగులో ఏడవడం నేర్చింది,
ఇంకొకతె సంతానం ఒడియాలో.
రిపోర్టులో ముసల్దానికి గడి లేదు.

తోసిపుచ్చలేం, అని రాశాను,
రెండు పేర్ల ఎదురుగా రెండుసార్లు.
జడ్జిగారు కళ్ళజోడు తీసి
మరి ఎవరి కొడుకండీ, అన్నారు.
అదే మాట మళ్ళీ చెప్పాను.
ఉద్యోగమంతా నేను గట్టిగా చెప్పగలిగిన మాటల్లో
అంత వట్టిచేతుల మాట ఇంకోటి లేదు.

ఎముక పోలీసు మాల్‌ఖానాలో రెండేళ్ళు పడుంది.
తర్వాత ఇద్దరూ ఒకే బస్సు దిగి
ఒకే కాగితం మీద వేలిముద్రలు వేశారట.
నేను చూళ్ళేదు, దండపాణి చూశాడు.
"ఎవులదైతే ఏటి బాబూ," అందట అసిరమ్మ,
"రెండో గుంటడూ ఆ ఏట్లోనే ఉన్నాడు గదా."

మిగిలింది అర గ్రాము పొడి.
నియమం ప్రకారం నాశనం చేసి
సంతకం పెట్టాలి, తేదీ వెయ్యాలి.
సంతకం అయింది.
తేదీ దగ్గర పెన్ను పలకలేదు,
ఇందాక మంచు డబ్బాల మధ్య పడేసినట్టున్నాను.
దండపాణి దాన్ని అరచేతుల్లోకి తీసుకుని
మాస్కు కిందికి లాగి
తెరిచిన సీసా పక్కనే నిలబడి
వెచ్చగా ఊదుతున్నాడు.
ఇన్నేళ్ళలో మొదటిసారి
నేను తిట్టలేదు.